దండకవిలె

1800లో కడప సీమ నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ కలెక్టరు మన్రో మనుషులు గొలుసులు పట్టుకొని పొలాలు కొలిచి శిస్తు వేశారు. కొన్నేళ్లకు మరో దొర మనుషులు వచ్చారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలు, అంటే ఊరి పాత దస్తరాలు, చూపమన్నారు. కవిలె బయటపడితే మాన్యాలకు ముప్పని కరణాల భయం.

ఆ దొర పేరు కల్నల్ కాలిన్ మెకంజీ. సర్వే ఇంజనీరు. ఆయనకు కావలసింది తేదీలు, హద్దులు, రాజుల వరుస. ఆయన దగ్గర చేరిన ఏలూరు నియోగి కావలి వెంకట బొర్రయ్యకు శాసనాలంటే ప్రాణం. మైసూరు జైనుడు ధర్మయ్యకు తన మతం వాళ్ల పాత గ్రంథాలు, బసదులు ముఖ్యం. కరణాల లోకం వేరు. ప్రొద్దుటూరు రాముడికి పొద్దుపొడిచిన ఊరనీ, పులివెందుల పులుల మందలు తిరిగిన ఊరనీ చెప్పాకే మిగతా మాట.

అంతకు ముందే, 1803లో బొర్రయ్య పోయాడు. పని తమ్ముడు లక్ష్మయ్య భుజాన పడింది.

ఊళ్ల నుంచి కైఫియత్తులు, అంటే ఊరి చరిత్ర రాతలు, వచ్చాయి. ఒక్క కైఫియత్తు చూస్తే చాలు. మొదట జనమేజయుడు వస్తాడు, ఊరికి పేరు పెడతాడు. తర్వాత రాయలవారు, గుడి, శాసనం. చివర ఫలానా మాన్యం, దాని హద్దులు. పురాణమని దొర కోసం కొట్టెయ్యలేదు, లెక్కలని దేవుడి కోసం దాచలేదు. నలుగురి పట్టుదలలూ ఒకే కాగితం మీద సర్దుకున్నాయి. కడప జిల్లా పల్లెల చరిత్రకు ఈనాటికీ అదో ముఖ్య ఆధారం.

1821లో మెకంజీ చనిపోయేనాటికి 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్లు పోగయ్యాయి. మిగిలిన పని తాను పూర్తి చేస్తానని లక్ష్మయ్య మద్రాసు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. ప్రభుత్వం కలకత్తా ఏషియాటిక్ సొసైటీని సలహా అడిగింది.

1836లో సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ జవాబు వచ్చింది. ఇంత పెద్ద పనికి లక్ష్మయ్యే కాదు, ఏ దేశీయుడూ చాలడు. సహాయకులుగా మాత్రం పనికొస్తారు.

పని విలియం టేలర్ అనే పాద్రీకి వెళ్లింది. మెకంజీ కుర్చీ లక్ష్మయ్యకు దక్కలేదు.

మెకంజీకి ఈ దేశపు భాష ఒక్కటీ చదవడం రాదు.