బ్యాలెట్ పెట్టెను, బాగేపల్లి తాలూకా

అసెంబ్లీకీ పార్లమెంటుకీ మీట నొక్కి ఓటేయడం అలవాటయ్యాక నన్ను మీలో చాలామంది మరిచిపోయుంటారు. 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా మిషన్లు రాగానే మా జాతి పని అయిపోయిందనుకున్నారు. కర్ణాటకలో గ్రామ పంచాయతీ ఓటు మాత్రం కాగితాన్ని వదల్లేదు. 2020 డిసెంబరులో కూడా ఒక్క బీదర్ జిల్లా తప్పించి రాష్ట్రమంతా మాతోనే గడిచింది. అందుకే ఇంకా తాలూకా కేంద్రంలో ఒక గోడౌన్‌లో పడి ఉన్నాను. ఉక్కురేకు ఒళ్ళు, మూత మీద సన్నటి సందు, పక్కన కొక్కెం. మూత వేస్తే మా గోడౌన్‌లో ఎలుకలు పరుగెడతాయి, అంత చప్పుడు.

మా పెద్దల కథ వేరు. మొదటి సాధారణ ఎన్నికల కోసం 1951లో బొంబాయి విఖ్రోలిలో గోద్రెజ్ వాళ్ళు పెట్టెల్ని లక్షల్లో చేశారు. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద అతని గుర్తు. కాగితం ఏ పెట్టెలో పడితే ఓటు వాళ్ళది. నా కాలానికి శత్రువులూ మిత్రులూ అందరూ ఒక్క కడుపులోనే.

నేను ఈ వైపుకు వచ్చింది 1987 జనవరి మండల పంచాయతీ ఎన్నికలకు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం అప్పుడు కోలారు జిల్లాలోవి; చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది 2007లో. ఆ ఎన్నికల వెనకున్న మనిషి అబ్దుల్ నజీర్ సాబ్, రామకృష్ణ హెగ్డే మంత్రివర్గంలో పంచాయతీరాజ్ చూసినాయన. ఊరూరా బోర్లు వేయించాడని జనం నీరు సాబ్ అన్నారు. ఎనిమిది నుంచి పన్నెండు వేల జనానికి ఒక మండలం, దానికొక ప్రధాన్, ఆడవాళ్ళకు పావు వంతు సీట్లు. రాజ్యాంగంలో 73వ సవరణ రావడానికి ఐదారేళ్ళ ముందే! ఆయన 1988లో పోయాడు, కొన్నాళ్ళకు మండలాలూ పోయాయి. 1993 చట్టంతో ఇప్పటి గ్రామ పంచాయతీలు వచ్చాయి. ఐదు నుంచి ఏడు వేల మందికి ఒక పంచాయతీ, నాలుగు వందల మందికి ఒక మెంబరు. నాలుగు వందలంటే మనింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, గట్టు తగాదావాళ్ళు. ఢిల్లీ ఓటుకూ దీనికీ తేడా అంతా అక్కడే ఉంది.

ఓటుకు ముందురోజు మస్టరింగ్. హైస్కూలు మైదానంలో షామియానా కింద టీచర్లు వరసలో నిలబడి నన్నూ, ఓటర్ల పట్టీనీ, సిరానూ, లక్కనూ, ముద్రనూ సంతకం పెట్టి తీసుకుంటారు. ఆర్టీసీ బస్సులో ఆంధ్ర సరిహద్దు వైపు, చేలూరు, పాతపాళ్యం దారుల్లో తీసుకుపోతారు. రాత్రి బడిలోనే పడక. పంచాయతీ నీళ్ళ మనిషి ముద్ద, పప్పుసారు మోసుకొస్తాడు. ఊరి సంగతులు నాకు తెలిసేది ఆ పూటే.

ఒకసారి అలా వచ్చినతను వడ్డించడం అయ్యాక నన్ను ఆనుకుని కూర్చుని బీడీ ముట్టించాడు. "సార్, నాలుగు వీధులకు ఒగటే బోరు. వెయ్యి అడుగుల పైన పోయినా నీళ్ళు ఇంతే. పొద్దున ఏ వాల్వు ముందు తిప్పితే ఆ వీధోళ్ళు మావోడంటారు, కడమోళ్ళు తిడతారు. రేపు మీరేయించే ఓటంతా నా వాల్వు మిందనే" అన్నాడు. టీచరు నవ్వాడు. నాకు మాత్రం అది నిజమేననిపించింది. ఇక్కడ ఏటా నిండే నది లేదు. చిత్రావతి పుట్టేది ఈ జిల్లాలోనే అయినా ఎక్కువ కాలం ఇసకే. లోతు బోర్ల నీళ్ళలో ఫ్లోరైడు, పళ్ళ మీద గార. అందుకే ఊరి మధ్యలో శుద్ధ నీటి యూనిట్, నాణెం వేస్తే బిందె నిండుతుంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఈ జిల్లా చెరువులకు తోలుతున్నారు. పడమటి కనుమల నుంచి ఎత్తినహొళె నీళ్ళు వస్తాయని తాతల నాటి నుంచి కాకపోయినా తండ్రుల నాటి నుంచి వింటున్నారు. అవి పెద్దవాళ్ళ లెక్కలు. మెంబరుకు మిగిలేది వాల్వు, వీధి దీపం, మోరీ, ఉపాధి పనిలో ఎవరి పేరు ముందు అన్నది.

తెల్లవారి ఏజెంట్ల ముందు నన్ను తలకిందులు చేసి ఖాళీ అని చూపిస్తారు. సీలు కాగితం మీద సంతకాలు చేసి మూత బిగిస్తారు. ఆ తర్వాత నాకు చీకటి, చెవులే మిగులుతాయి. అధికారి కన్నడంలో పేరు చదువుతాడు, ఓటరు తెలుగులో పలుకుతాడు, ఇద్దరికీ ఇబ్బంది లేదు. ఊరి మాట తెలుగు, బడి చదువు కన్నడం, పంచాయతీ రికార్డంతా కన్నడం. గ్రామసభలో జనం తెలుగులో పోట్లాడితే పుస్తకంలో అది చక్కటి కన్నడ తీర్మానమై కూర్చుంటుందట. తిట్లు మాత్రం ఎక్కవు, అదొక్కటే నష్టం.

పంచాయతీ ఓటు సులభమని పట్నంవాళ్ళు అనుకుంటారు. ఒక్కో వార్డుకు ఇద్దరు ముగ్గురు మెంబర్లుంటారు. ఎన్ని సీట్లో ఓటరుకు అన్ని ఓట్లు. పార్టీ గుర్తులు ఉండవు, ఆటో, కుక్కరు, ఫ్యాను లాంటివే. అయినా ఎవరు కాంగ్రెస్సో, ఎవరు దళో, ఎవరు ఎర్రజెండానో చిన్నపిల్లలకూ తెలుసు. జి.వి. శ్రీరామరెడ్డిని 1994లోనూ 2004లోనూ సీపీఎం తరఫున అసెంబ్లీకి పంపిన తాలూకా ఇది. ఒక అవ్వ అట్ట చాటుకు పోయి ఎంతకూ రాలేదు. "అవ్వా, అయిందా?" అని అధికారి. "ఉండప్పా, ఆటోకు గుద్దితిని, కుక్కరు యాడుండాదో చూస్తాండా!" అని లోపల్నించి కేక. రహస్య ఓటు అంటే ఏమిటో అధికారి చెప్పబోతుంటే ఏజెంట్లందరూ ఒకేసారి నవ్వారు. అవ్వ బయటికొచ్చి కాగితాన్ని రూపాయి బిళ్ళంత మడిచి నా సందులో తోసి, పడిందో లేదోనని నన్ను తట్టి చూసింది.

2010 నుంచి సగం సీట్లు ఆడవాళ్ళవి. చట్టం సగం ఇచ్చింది, ఇంటాయన ఆ సగంలో తన వాటా తీసుకున్నాడు. లెక్కింపు హాల్లో గెలిచిన ఆమె పేరు పిలిస్తే పంచె సర్దుకుంటూ మొగుడు ముందుకొచ్చేవాడు. తర్వాత తర్వాత కొందరు ఆడవాళ్ళు "నువ్వుండు" అని పక్కకు జరిపి సర్టిఫికెట్టు తామే అందుకోవడం నేను చూశాను. అందరూ కాదు.

అసలు మాకూ మిషన్లకూ కూడా పని లేకుండా పోయిన ఓట్లున్నాయి. తాలూకా, జిల్లా పంచాయతీలకు 2016లో ఎన్నికలయ్యాయి, 2021లో గడువు తీరింది, ఆపైన ఏళ్ళ తరబడి హద్దుల లెక్కలతోనూ రిజర్వేషన్ పట్టీతోనూ కోర్టు వాయిదాలతోనూ సరిపోయింది. ఆ కుర్చీల్లో అధికారులు కూర్చున్నారు. నీళ్ళ మనిషికి వాల్వు గురించి తిట్లు తప్పవు గానీ జిల్లా పంచాయతీని తిట్టడానికి ఎదురుగా మెంబరే లేడు. 2025 సెప్టెంబరులో స్థానిక ఎన్నికలన్నీ కాగితంతోనే జరపాలని మంత్రివర్గం సిఫారసు చేసిందని గోడౌన్‌లో మాట. ముందు ఎన్నికలంటూ పెడితే గదా.

లెక్కింపు నాడు నన్ను బల్ల మీద బోర్లిస్తారు. 2020లో మాస్కులు కట్టుకుని, చేతులకు మందు పూసుకుని విప్పారు. ఓట్లతో పాటు ఒక చీటీ కూడా రాలింది. కన్నడ అక్షరాలు, చదివితే తెలుగు: మా సందులో కంబానికి లైటు లేదు. ఈ సీమలో చాలామంది తెలుగు రాసే తీరే అది. యోగి కైవారం తాతయ్య తెలుగు పాటలు కూడా కన్నడ లిపిలోనే అచ్చవుతాయి. లెక్కించే ఆమె చదివి, మళ్ళీ చదివి, ఓటు కాదు గనుక పక్కన పెట్టింది.

ఆ వార్డులో పోటీ బావాబామ్మర్దులకు. ఇద్దరికీ సమానంగా వచ్చాయి. మళ్ళీ లెక్క, మళ్ళీ సమానం. నియమం ప్రకారం చీటీలు వేశారు, బావ పేరొచ్చింది. బయట డప్పులు మొదలయ్యాయి. బామ్మర్ది తలుపు దగ్గర, నా పక్కనే, చెమట తుడుచుకుంటూ నిలబడి దండ వేసుకుని వచ్చే బావ చేయి పట్టుకున్నాడు.

"గెలిస్తివి గదా బావా. మా వీధి వాల్వు చెడిపోయి నెలయింది. సోమారం లోపల చేపీకపోతే నీ ఇంటిముందరే కూచుంటా."

"నాకు ఓటేసింటే శనివారమే చేపిస్తాంటిని" అన్నాడు బావ.