నారింజ పట్టీ అబ్బాయి

మా అక్క కొడుకు బీటెక్ నాలుగో ఏడాది పరీక్షలకి తప్ప కాలేజీ గడప తొక్కలేదు. హైటెక్ సిటీలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. అది అయ్యేసరికి ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఆ ఏడాదంతా కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉన్నాడు. కంపెనీ పేరు, చేసే పని బయట చెప్పనని చేరినరోజే సంతకం పెట్టాడట. సంతకం వాడిదే అయినా ఒప్పందం మా ఇంటిల్లిపాదికీ అంటగట్టాడు. "ఏం పనిరా నీది?" అని మా అత్తగారు అడిగితే "చెప్పకూడదు మామ్మగారూ" అనేవాడు. ఆవిడ పక్క ఫ్లాటువాళ్లకి వీడు మిలిటరీలో ఏదో గూఢచారి కొలువులో ఉన్నాడని చెప్పి, ఒక సంబంధం కూడా తెప్పించింది.

ఇలాంటి పిల్లల్ని మెడలో పట్టీని బట్టి పోల్చుకోవచ్చు. ఉద్యోగస్థులు ఆఫీసు గేటు దాటగానే ఐడీ కార్డు తీసి జేబులో కుక్కుకుంటారు. ఇంటర్న్ స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రమే తీస్తాడు. మావాడు పాల ప్యాకెట్లకి కార్డుతోనే వెళ్లేవాడు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజున పంతులుగారు పేరేమిటి నాయనా అంటే నోరు విప్పకుండా కార్డు చూపించాడు. అయితే అందులో ఓ కిటుకుంది. ఆ కంపెనీలో పర్మనెంటు వాళ్ల పట్టీ నీలం, ఇంటర్న్‌లది నారింజ. మావాడు పట్టీని కాలరు కిందికి తోసేసి, కార్డుని మాత్రం గాలికి వదిలేవాడు.

మా ఇంటి నుంచి వాడి ఆఫీసు రోడ్డు మీద పట్టుమని పది కిలోమీటర్లుండదు. ఇంటర్న్‌లకి కంపెనీ క్యాబు లేదు. బస్సెక్కితే చొక్కా నలుగుతుందని, మెట్రో ఎర్ర లైనులో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ నీలం లైనుకి మారి, రాయదుర్గం రైలెక్కి మళ్లీ ఇటువైపుకే వచ్చేవాడు. చుట్టు తిరుగుడైనా ఏసీలో తిరిగాడు. ఓ ఆదివారం నన్నూ తీసుకెళ్లి సైబర్ టవర్స్ చూపించి, "పాతకాలంలో కంపెనీలన్నీ ఇక్కడే ఉండేవి పిన్నీ" అన్నాడు, గోల్కొండలో గైడు చెప్పినట్టు. అది ప్రారంభమైంది 1998లో. అప్పుడు నేను బీఎడ్ చదువుతున్నాను.

ఇంటి నుంచి పని చేసే రోజుల్లో పొద్దున్న పదింటికి స్టాండప్ మీటింగు. వాళ్ల పద్ధతి ప్రకారం అది పదిహేను నిమిషాల్లో ముగియాలి. ముప్పావుగంట సాగేది. స్టాండప్ అన్నారు కదా అని మావాడు నిజంగానే నిలబడేవాడు, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో. మిగతావాళ్లు కెమెరాలు ఆపేసి ఏ స్థితిలో ఉండేవారో దేవుడికెరుక. వీడి వంతు రాగానే, "నిన్న టికెట్ మీద పనిచేశాను, ఇవాళ కూడా అదే టికెట్ మీద పనిచేస్తాను, ఆటంకాలేమీ లేవు" అని ఇంగ్లీషులో చెప్పేవాడు. వారాల తరబడి అదే సంకల్పం. మా అత్తగారికి ఇంగ్లీషు రాకపోయినా కంఠతా వచ్చేసింది.

ఇక వాడి భాష. కరివేపాకు తెమ్మంటే "బ్యాండ్‌విడ్త్ లేదు పిన్నీ." కరెంటు బిల్లు కట్టావా అంటే "పైప్‌లైన్‌లో ఉంది." ఓ రోజు సాంబారు గిన్నె మూత తీసి, "ఇది కిందటి స్ప్రింట్‌దా?" అన్నాడు. వాళ్ల లెక్కలో స్ప్రింట్ అంటే రెండు వారాలని తర్వాత తెలిసింది. రెండు వారాల సాంబారు పోసే మనిషినా నేను?

కానీ ఇంట్లోకి సరుకు తెచ్చేవాడు, అది మాత్రం కాదనను. కంపెనీ క్యాంటీన్ నుంచి పళ్లరసం డబ్బాలు, ప్రోటీన్ బార్లు, స్టిక్కర్లు, టీషర్టులు. 'బిల్డ్ పాడు చేసింది నేనే' అని ఇంగ్లీషులో రాసి ఉన్న టీషర్టు వేసుకుని మావారు రైతుబజారులో గోంగూర బేరమాడారు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లారట. ఎందుకో ఆయనకి ఇప్పటికీ తెలీదు.

ఇంతకీ ఆ టికెట్ సంగతి, అంటే దిద్దమని వాడికి అప్పగించిన తప్పు సంగతి. సంతకం నాది కాదు కాబట్టి రాసేస్తున్నాను. ఓ రాత్రి నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూలబడి, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని చెప్పాడు. వాళ్ల యాప్‌లో పేరు రాసే చోట పది అక్షరాలే పడతాయి. తెలుగులో శ్రీలక్ష్మి అని కొడితే 'శ్రీలక్ష్మ' అని వస్తోంది. నేను తెలుగు పంతులమ్మని. మూడక్షరాల పేరు పది గళ్లలో పట్టకపోవడమేమిట్రా అన్నాను. వాడు నా గిన్నెలోంచి గింజలు తీసి నేల మీద వరసగా పేర్చాడు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ల. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పదకొండు గింజలు! యూనికోడ్‌లో ఒత్తులకి విడిగా చోటు లేదట. హల్లుకి పొల్లు తగిలించి పక్కన ఇంకో హల్లు పెడితే తెర మీద అదే ఒత్తుగా కూర్చుంటుంది. కంప్యూటరు పది లెక్కపెట్టి పదకొండోదాన్ని, అంటే గుడిని, కోసేస్తోంది. "ఆ గింజే పిన్నీ నా టికెట్టు" అన్నాడు.

ఇన్నేళ్లుగా పిల్లలకి ఒత్తులు దిద్దిస్తున్నాను, ప్రతి ఒత్తు వెనకా ఓ పొల్లు దాక్కుని ఉందని నాకెవరూ చెప్పలేదు. మర్నాడు తొమ్మిదో తరగతిలో గింజలు పేర్చి చూపించాను. వాడి మీద అప్పటిదాకా పెంచుకున్న విసుగు ఆ రాత్రి సగానికి సగం పోయింది.

వాడు దిద్దిన కోడ్ ఒకటే వరస. దాన్ని ఒప్పుకునే ముందు అమెరికాలో ఉన్న పెద్దమనిషి, "అంత పొడుగు పేర్లు ఎవరికైనా ఉంటాయా?" అని అడిగాడు. నేనూ మావాడూ బీరువాలోంచి పాత శుభలేఖలు తీసి, వెంకటసుబ్బలక్ష్మి మొదలుకుని పేజీ నిండా పేర్లు ఎక్కించి పంపాం. మళ్లీ ప్రశ్న రాలేదు. ఆ పాత తప్పు ఎవరు రాశారో కూడా మావాడు పట్టుకున్నాడు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'బ్లేమ్' అనే ఆదేశం ఉంది, ఏ వరస ఎవరు ఎప్పుడు మార్చారో చూపిస్తుంది. తీరా చూస్తే ఆ మనిషి ఎప్పుడో కంపెనీ మానేశాడు. మావారు మాత్రం అలాంటిదొకటి మా ఫ్రిజ్ తలుపుకి పెట్టించమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

నన్ను అన్నిటికంటే సతాయించింది వాడి 'మేము'. చేరిన వారం తిరక్కుండానే "ఈ క్వార్టర్ మేము ఖర్చు తగ్గిస్తున్నాం" అన్నాడు. ఆ కంపెనీ షేరు పడిన రాత్రి పెరుగన్నం వద్దన్నాడు. చేతికొచ్చేది నెలకి 25,000, వాడి పేర ఒక్క షేరు లేదు. ఓసారి వాడి మెంటారు మా ఇంటికి భోజనానికొచ్చాడు. ఎనిమిదేళ్ల సర్వీసు, పెద్ద జీతం. ఆయన భోజనం పూర్తయ్యేదాకా కంపెనీని 'వాళ్లు' అనే అన్నాడు. వాళ్లు హైక్ ఇవ్వలేదు, వాళ్లు టీములు కలిపేశారు, వాళ్లకి బుద్ధి లేదు. మావాడు పప్పు వడ్డిస్తూ, చిన్నబుచ్చుకున్న మొహంతో, "మేము ఈ విషయంలో మెరుగుపడుతున్నాం" అన్నాడు.

అక్క ప్రతి శుక్రవారం ఫోన్ చేసి పర్మనెంటు చేశారా అని అడిగేది. హెడ్‌కౌంట్, అంటే కొత్త కొలువుకి అనుమతి, రావాలట అని నేనే చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ నాకూ ఆ గాలి సోకింది. స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు టైమ్‌టేబుల్ మార్చమంటే "ఈ వారం బ్యాండ్‌విడ్త్ లేదండీ" అన్నాను. పేపర్లో ముందు బిజినెస్ పేజీ తీస్తున్నాను. "మా కంపెనీ పుంజుకుంది" అని హెచ్చెమ్ గారితో అన్నప్పుడు ఆవిడ నాకేసి అదోలా చూశారు.

చివరికి ఆఫర్ లెటరొచ్చింది. నీలం పట్టీ ఇచ్చారు, క్యాబు ఇచ్చారు. స్వీట్లు పంచాం. నెల తిరిగింది. మొన్న రాత్రి క్యాబు ఆలస్యమై తొమ్మిదిన్నరకి ఇల్లు చేరి, బ్యాగు సోఫాలో గిరాటేసి, "వాళ్లకి మనుషుల విలువ తెలీదు పిన్నీ" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా కంపెనీని పట్టుకుని అంత మాటంటాడా!