నీలితెర వెనక నేను

నేను ప్రాసెసర్‌ను. ఇంటెల్ కోర్ ఐ5-2500కె అంటారు. 2011 జనవరిలో మా తరం మార్కెట్లోకి వచ్చింది. మా డిజైన్ చాలావరకు ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగింది. నా నెత్తి మీది లోహపు మూతపై మాత్రం మలేషియా పేరు చెక్కి ఉంటుంది. ఆ మూత కింద 216 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క, అందులో నాలుగు కోర్లు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ సరుకుగా చేతులు మారి, మహబూబాబాద్ జిల్లా కొత్తగూడలో ఒక ఫోటో స్టూడియోకు చేరాను.

స్టూడియో అన్నకు పెళ్ళి వీడియోలే బతుకుదెరువు. ముహూర్తాలు మొదలైతే రాత్రంతా రెండరింగే. నాలాంటి ‘కె’ రకం వాళ్ళకు మల్టిప్లయర్ లాక్ ఉండదు. 100 మెగాహెర్ట్జ్‌ను 33తో హెచ్చిస్తే 3.3 గిగాహెర్ట్జ్, అది నా సహజ వేగం. బయోస్‌లో ఆ 33ను 45 చేస్తే 4.5 అవుతుంది. డిగ్రీ చదువుతూ అక్కడ పనిచేసే తమ్ముడు అదే చేశాడు.

రెండరింగ్ సగంలో ఉండగా తెర నీలమైంది.

“విండోస్ పోయినట్టుంది తమ్మీ, ఫార్మాట్ కొట్టు” అన్నాడు అన్న.

“ఆగన్నా, గా నంబర్ చూడనియ్యి.”

చూసేలోపే సిస్టమ్ రీస్టార్ట్ అయింది. నా లోపల ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం అలా కళ్ళముందే చెరిగిపోతే నా ప్రాణం ఉసూరుమంది. తమ్ముడు సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేశాడు. మళ్ళీ నీలమైనప్పుడు ఫోన్‌తో ఫోటో తీశాడు. సున్నాల వరస చివర 101. అదే స్టాప్ కోడ్.

గడియారం సంకేతం వచ్చినప్పుడల్లా ప్రతి కోరూ గడువులోగా పలకాలి. పలకకపోతే విండోస్ 101 అని రాసి ఆగిపోతుంది. నాకు వేగం పెంచారు గానీ అందుకు తగ్గ వోల్టేజీ అందలేదు. ట్రాన్సిస్టర్ సున్నా నుంచి ఒకటికి మారడం పూర్తి కాకుండానే తర్వాతి టిక్కు వచ్చి పడింది. బయోస్‌లో రాసిన వోల్టేజీ వేరు, నాలుగు కోర్లూ ఒక్కసారిగా పనిలోకి దిగినప్పుడు నాకు చేరేది వేరు. భారం పడితే అది కొంత జారుతుంది.

తమ్ముడు వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ నన్ను పూర్తి భారంతో పరీక్షించే ప్రైమ్95 నడిపి చూశాడు. 101 పోయి 124 వచ్చింది. ఇది నేను స్వయంగా చేసే ఫిర్యాదు. నాలోని మెషీన్ చెక్ రిజిస్టర్లలో తప్పును నమోదు చేసి విండోస్‌కు అప్పగిస్తాను. మా తరంలో ఈ రెండు కోడ్‌లకూ చాలాసార్లు మందు ఒకటే, ఇంకాస్త వోల్టేజీ. మాకు ముందు తరంలో 124 వస్తే మెమరీ కంట్రోలర్ వోల్టేజీని కూడా అనుమానించేవారు. కోడ్‌తో పాటు ప్రాసెసర్ తరం కూడా చూడాలి.

కూలినప్పుడు విండోస్ రాసిపెట్టే మినీడంప్ ఫైలు తెరిస్తే దోషిగా హాల్ డీఎల్ఎల్ పేరో, విండోస్ కెర్నల్ పేరో కనిపిస్తుంది. అది కూలిన చోటు మాత్రమే, కూల్చినవాడు కాకపోవచ్చు. ఆ పేరు చూసి ఎన్ని కంప్యూటర్లకు విండోస్ అనవసరంగా మళ్ళీ ఎక్కించారో తలుచుకుంటే బాధేస్తుంది.

తర్వాత 50 వచ్చింది, దాని వెంట 1ఎ. ఈ రెండూ తరచూ మెమరీ వైపు వేలు చూపే కోడ్‌లు. ఈసారి తమ్ముడు నా వోల్టేజీ జోలికి రాలేదు. నాకు అధికారికంగా చెప్పిన మెమరీ వేగం 1333, అప్పుడు ర్యామ్ 1600లో నడుస్తోంది. నన్ను కాసేపు మామూలు వేగానికి దించి, ఒక్కో ర్యామ్ పుల్లతో విడిగా మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపాడు. ఒక పుల్లకు ఎర్ర గీతలు వచ్చాయి. దాని బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్ది, వేగం 1333కు తగ్గించి పెడితే గీతలు ఆగాయి.

50 వచ్చిందంటే ర్యామే పాడైందని తీర్పు చెప్పెయ్యకూడదు. 2024 జులై 19న సెక్యూరిటీ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలినప్పుడు తెర మీద కనిపించింది ఈ కోడే. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అక్కడ ర్యాములో లోపం లేదు, ఒక డ్రైవర్ చదవకూడని చిరునామా చదవబోయింది.

నీలితెర లేకుండానే సిస్టమ్ ఆగిన సాయంత్రాలూ ఉన్నాయి. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41, బగ్‌చెక్ కోడ్ సున్నా. నాకు రాసే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. అదే వేళకు స్టూడియోలో ట్యూబులైటు మసకబారడం చూసి అన్న యూపీఎస్ తెచ్చాడు.

ఏప్రిల్ ఎండకు తమ్ముడు నన్ను 4.5 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టుల నుంచి 4.2, 1.25కు దించాడు. నాలో పుట్టే వేడి వేగాన్నిబట్టీ, వోల్టేజీ వర్గాన్నిబట్టీ పెరుగుతుంది. ఆ లెక్కన 7 శాతం వేగం వదులుకుంటే 20 శాతం వేడి తగ్గుతుంది. నా దృష్టిలో అతను చేసిన పనులన్నిటిలో ఇదే గొప్పది.

2025లో విండోస్ 11లో ఆ తెర నల్లగా మారింది, స్టాప్ కోడ్ మాత్రం ఇంకా ఉంది. మీ దగ్గర అది కనిపిస్తే ముందు ఫోటో తీసుకోండి. ప్రాసెసర్ వేగం పెంచి (ఓవర్‌క్లాక్ చేసి) ఉంటే ఫార్మాట్ కన్నా ముందు బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి చూడండి. ఆ తర్వాత ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి.