46 ముక్కల పెట్టె, 47వ బోల్టు

అందని బోల్టులు మూడు రకాలు. కంటికి కనిపిస్తూ చేతికి అందనివి మొదటి రకం. చేతికి తగులుతూ కంటికి కనిపించనివి రెండో రకం. కనిపించక, తగలక, అక్కడొకటి ఉందని మెకానిక్ ఒట్టేసి చెబితే తప్ప నమ్మలేనివి మూడో రకం. చాలా కార్లలో స్టార్టర్ మోటారు పై బోల్టు మూడో రకం. వాష్ బేసిన్ వెనక కుళాయిని పట్టి ఉంచే నట్టు రెండో రకం. వీటిని ఆ చోట్ల పెట్టినవాళ్లు చదువుకున్న ఇంజనీర్లే. స్టార్టర్ బోల్టును ఫ్యాక్టరీలో ఇంజను బయట ఉండగానే బిగిస్తారు కనక వాళ్ల లెక్కలో అది అందని బోల్టు కాదు. విప్పాల్సిన రోజున లెక్క వేసినవాళ్లు ఊళ్లో ఉండరు.

అలాంటి బోల్టు ఎదురైన గృహస్థు దాన్ని కొలవడు. ఫోను తీసి టూల్ కిట్టు ఆర్డరు పెడతాడు. నాలుగైదు వందల రూపాయలకు 46 ముక్కల పెట్టె ఇంటికొస్తుంది. దేశంలో ఇప్పుడు ఈ పెట్టె లేని అపార్ట్‌మెంటు దొరకడం కష్టం. దాంతో అందని బోల్టు విప్పిన మనిషి దొరకడం ఇంకా కష్టం.

ముక్కల లెక్క ఎలా తేలుతుందో చూడదగ్గది. 4 ఎంఎం నుంచి 14 ఎంఎం దాకా సాకెట్లుంటాయి. వాటి పక్కన స్క్రూల బిట్లు వరసలు వరసలుగా ఉంటాయి. బియ్యపు గింజను మించని ఒక్కో బిట్టూ లెక్కలో ఒక్కో ముక్క. 1.27 ఎంఎం అలెన్ కీ కూడా ఉంటుంది. అది పట్టే స్క్రూ ఇంట్లో ఎక్కడుందో కొన్నవాడికి జీవితాంతం తెలియదు, లెక్కలో మాత్రం అదీ ఒక ముక్కే. 14 దాటిన సాకెట్టు ఒక్కటీ ఉండదు. కారు చక్రాల నట్లు సాధారణంగా 17, 19, 21 ఎంఎంలలో ఉంటాయి కాబట్టి, టైరు పంక్చరైన రాత్రి డిక్కీలోంచి ఈ పెట్టె తీసినవాడు దాన్ని మళ్లీ డిక్కీలోనే పెట్టేస్తాడు. సాకెట్లన్నీ పొట్టివే. నట్టు దాటి బోల్టు మర పొడుగ్గా బయటికొచ్చిన చోట పొట్టి సాకెట్టు నట్టు దాకా దిగదు.

పెట్టెలో అన్నిటికన్నా ఆశ పెట్టేది స్ప్రింగులా వంగే కడ్డీ. ఏ మూలకైనా వంగి వెళుతుందని బొమ్మ వేసి మరీ చెబుతారు. వెళుతుంది కూడా. కొనకు సాకెట్టు తగిలించి, తుప్పు పట్టిన నట్టుకు తొడిగి, ఈ చివర పిడి తిప్పితే కడ్డీ మెలి తిరుగుతుంది, నట్టు కదలదు. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త మెలి తిరుగుతుంది. చెయ్యి వదలగానే గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల మీద ఒక్కటిస్తుంది. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, ముందే వదులైన చిన్న స్క్రూల దగ్గర దానికి పని ఉంది. పట్టేసిన నట్టు దగ్గర అది బొమ్మే.

ఈ పెట్టెకు పెద్దన్న సర్వమంగళ సాకెట్టు. లోపల గుత్తంగా ఉక్కు పుల్లలు స్ప్రింగుల మీద నిలబడి ఉంటాయి. నట్టు తగిలిన చోట పుల్లలు లోపలికి పోతాయి, చుట్టూ ఉన్నవి నట్టును పట్టుకుంటాయి. 7 నుంచి 19 దాకా ఏ సైజైనా సరేనని, కొక్కేన్నీ వంకర మేకునూ కూడా తిప్పుతుందని టీవీలో చూపించారు. చూపించిన ప్రతి నట్టూ బల్ల మీద, చుట్టూ జాగా ఉన్న నట్టు. 19 ఎంఎం నట్టును మింగాలంటే సాకెట్టు ఒళ్లు అంతకన్నా లావుండాలి. 10 ఎంఎం బోల్టు కూర్చున్న గుంటలోకి ఆ ఒళ్లు దిగదు. అన్ని బోల్టులకూ పనికొస్తుందన్న సాధనం ఇరుకులో ఉన్న బోల్టుకే పనికిరాదు. దాని అవసరం వచ్చేది అక్కడే.

స్క్రూ పానాకు ఉన్న గౌరవం వేరు. స్వీడన్‌కు చెందిన యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1890ల మొదట్లో పేటెంటు తీసుకున్న రూపమే ఇవాళ్టికీ నడుస్తోంది. అది మంచి సాధనం, ఖాళీ జాగాలో. దాని తలకాయ లావు, కదిలే దవడ ఎప్పుడూ కాస్త వదులు. బలం కదలని దవడ మీద పడేలా తిప్పాలన్న సంగతి కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. అటుదిటుగా తిప్పి, దవడ జారి, నట్టు మూలలు అరిగి గుండ్రమయ్యాక, అదే పానాతో నట్టును కొడతారు. తెలుగు ఇళ్లలో స్క్రూ పానాకు సుత్తిగానే ఎక్కువ సర్వీసు ఉంది.

ఇక కొలవడం. అందని బోల్టు మూడు ప్రశ్నలు అడుగుతుంది: తల సైజు ఎంత, తల పైన ఎంత ఖాళీ ఉంది, పిడి ఎంత తిరుగుతుంది. మొదటిదానికి జవాబు కాస్త తమాషాగా ఉంటుంది. 8 ఎంఎం మర ఉన్న బోల్టుకు జపాన్ సంప్రదాయంలో తల 12, యూరప్ సంప్రదాయంలో 13. అందుకే ఒక బండికి సరిపోయిన పానా పక్కింటి బండికి సరిపోదు. 12 తలకు 13 పానా వేస్తే మొదటిసారి తిరిగినట్టే ఉంటుంది. రెండోసారికి బోల్టు తల నున్నబడుతుంది. రెండో ప్రశ్నకు పొట్టి సాకెట్టో, వంపు రింగు పానానో జవాబు. మూడోదాని దగ్గరే బజారు రంగంలోకి దిగుతుంది.

మామూలు డబుల్ ఎండ్ పానా మూతి పిడికి సుమారు 15 డిగ్రీలు వంకరగా ఉంటుంది. దీన్ని తయారీ లోపమనుకుని షాపులో తిరిగిచ్చినవాళ్లూ ఉంటారు. ఆ వంకరే దాని విద్య. ఒకసారి తిప్పి, పానాను బోర్లించి మళ్లీ తొడిగితే 30 డిగ్రీల జాగాలోనే నట్టు కదులుతూ పోతుంది. 12 మూలల రింగు పానాకూ 30 డిగ్రీలే చాలు. ఆరు మూలలదానికి 60 కావాలి, కానీ అరిగిన నట్టును అదే గట్టిగా పట్టుకుంటుంది. ఇంత చిన్న సంగతి చెబితే కొత్త సరుకు అమ్ముడుపోదు కాబట్టి ఎవరూ చెప్పరు. రాచెట్ అనే, ఒకవైపే పట్టే పిడిలోని పళ్ల లెక్క చెబుతారు. రాచెట్‌కు 36 పళ్లుంటే ఒక్కో మెట్టు 10 డిగ్రీలు, 72 ఉంటే 5, 120 ఉంటే 3. లెక్క నిజమే. రాచెట్ కింద పొడుగు కడ్డీ, ఆ కింద విరుపు జాయింటు, ఆ కింద వదులు సాకెట్టు తగిలించాక ఆ మూడింటి ఆటలోనే పది డిగ్రీలు కొట్టుకుపోతాయి. 120 పళ్లు నోరు తెరుచుకుని చూస్తుంటాయి.

పానా మీద మెరుపుకూ లోపలి ఉక్కుకూ చుట్టరికం లేదు. పైన మెరిసేది క్రోమ్ పూత. లోపల ఉండాల్సింది క్రోమ్ వనేడియం ఉక్కు: అందులో క్రోమియం వందకు ఒక పాలు అటూ ఇటూ, వనేడియం అంతకన్నా చాలా తక్కువ, ఆపైన సరిగ్గా కాచి చల్లార్చిన పదును. ‘సీఆర్‌వీ’ అనే మూడక్షరాలు కొట్టడానికి మాత్రం ఒక అచ్చు ఉంటే చాలు. నాసి ఉక్కు వాడినవాడు పానా విరగకుండా ఉండేందుకు ఒక్కటే చేయగలడు, లావుగా పోస్తాడు. చవక రింగు పానా గోడలు దుక్కలా ఉండేది అందుకే. ఇరుకులో దూరనిదీ అందుకే. మంచి ఉక్కు సన్నగా ఉండి కూడా బలాన్ని ఓర్చుకుంటుంది. అందని బోల్టుకు పానా కొనేవాడు డబ్బు పెట్టేది నిజానికి ఆ సన్నదనానికి. ‘బరువుంది, గట్టి సరుకు’ అని చేత్తో తూచి కొనే అలవాటు ఇక్కడ పూర్తిగా తలకిందులు.

జీవితకాల వారంటీ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. బిల్లు చూపించాలి. బిల్లు థర్మల్ కాగితం. దాని మీద అక్షరాల జీవితకాలం ఒక ఎండాకాలం.

చవక భక్తులకు ఎదురుగా మరో మతం ఉంది. జర్మనీదో, అమెరికాదో కాకపోతే అది పానాయే కాదనేది దాని మూలసూత్రం. ఆ పానాలు మంచివే, అందులో వాదం లేదు. రోజూ ఇరవై బండ్లు విప్పేవాడికి ఆ ధర గిట్టుతుంది. ఏడాదికోసారి బేసిన్ కింద దూరేవాడు ఒక్క పానాకు వేలు పోసి, గీత పడుతుందని దాన్ని వాడకుండా గోడకు వేలాడదీస్తే అది దేవుడి పటం లెక్క. జలంధర్, లూధియానాల్లో తయారైన చేతి పనిముట్లు విదేశాలకు ఎగుమతవుతాయన్న సంగతి ఈ భక్తులకు చెప్పకపోవడమే మర్యాద. మన దేశపు పేరున్న కంపెనీల రింగు పానాలు సైజును బట్టి రెండు మూడు వందల్లో దొరుకుతాయి. డబుల్ ఎండ్ పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029 అని భారతీయ ప్రమాణాలున్నాయి. పెట్టె మీద ముక్కల సంఖ్య వెతికే కళ్లు పానా మీద ఆ నంబరు వెతకవు.

నిజంగా వేరే పానా లేకపోతే జరగని పనులు కొన్నే. బ్రేకు పైపు నట్టు అందులో మొదటిది. అది మెత్తనిది, మధ్యలోంచి పైపు పోతుంది, కాబట్టి రింగు పానా తొడగడం కుదరదు. మామూలు మూతి పానా దాని రెండు పక్కలనే పట్టుకుంటుంది. గట్టిగా లాగితే మూలలు పోతాయి, ఆపైన మొత్తం పైపు మార్చాల్సిందే. దీనికి ఒకవైపు పైపు దూరేంత సందు కోసిన రింగు పానా ఉంటుంది, అది ఐదు పక్కలను పట్టుకుంటుంది. బేసిన్ కింది నట్టుకు పొడుగు కడ్డీ, కింద అడ్డపిడి, పైన తిరగబడే దవడ ఉన్న పానా కావాలి. అది లేని ప్లంబరు నోట్లో టార్చి పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, కళ్లలో తుప్పు రాలుతుండగా పైపు రించీతో కుస్తీ పడతాడు. అరగంట తర్వాత బేసినే పీకేద్దామంటాడు. స్టార్టర్ బోల్టు లాంటివాటికి అర్ధచంద్రాకారపు రింగు పానా ఉంది. ట్యాపెట్ నట్లకు పలచటి పానాలున్నాయి. వాటితో బిగుసుకున్న నట్టు విప్పబోతే మూతి తెరుచుకుంటుంది, తప్పు పానాది కాదు. బిగింపు ఎంతో కొలిచే టార్క్ పానా కొనకు తగిలించే కాకికాలు ముక్క ఉంది. దాన్ని పిడికి లంబంగా పెడితే రీడింగు మారదు, పిడి వరసలోనే ముందుకు పెడితే చూపినదానికన్నా ఎక్కువ బిగుస్తుంది. బోల్టు తెంపుకున్నాక ఈ చివరి సంగతి చాలామందికి తెలుస్తుంది.

కొనేచోట పరీక్ష అయిదు నిమిషాల పని. సికిందరాబాద్ రాణిగంజ్‌లోనో, మరే ఇనుప సామాన్ల బజారులోనో, ఆ సైజు కొత్త బోల్టు ఒకటి కొని దానికే పానా తొడిగి ఊపి చూడాలి. గలగలలాడితే వద్దు. రింగు లోపలి మూలలు పదునుగా, గోడ చుట్టూతా ఒకే మందంలో ఉండాలి. రాచెట్ అయితే సాకెట్టును రెండు వేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకుని పిడిని వెనక్కి తిప్పాలి. సాకెట్టు కూడా వెనక్కి వస్తే ఆ రాచెట్ వదులైన నట్టును ముందుకెంత తిప్పుతుందో వెనక్కీ అంతే తిప్పుతుంది. ఇరుకులో సాయంత్రం దాకా తిప్పినా నట్టు ఉన్నచోటే ఉంటుంది. ఈ పరీక్షలకు విసుక్కునే షాపులున్నాయి. 46 ముక్కల పెట్టె అద్దాల్లో ముందు వరసలో పెట్టుకునేవీ అవే.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ శాస్త్రమంతా ఎప్పుడో తేల్చేశారు. పాత పానా ఒకటి తీసి, గ్రైండర్ మీద పలచన చేసి, ఎర్రగా కాల్చి వంచి, ఫలానా బండి ఫలానా బోల్టుకే పనికొచ్చే పానా తయారు చేసుకుంటారు. కాల్చిన చోట ఉక్కు పదును పోతుంది, దాన్ని మామూలు పానాలా గుంజితే వంగుతుంది. ఆ సంగతి తెలిసే దాన్ని ఆ ఒక్క బోల్టుకే వాడతారు. అందుకు గురువారం పూట హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో దొరికే పాత పానా చాలు. కొత్తదాన్ని కోసి పాడు చేయడం డబ్బున్నవాళ్ల పని.

ఇంటికీ బండికీ కలిపి 10×11, 12×13, 14×15 సైజుల వంపు రింగు పానాలు, ఒక మంచి రాచెట్, బండి ప్లగ్గుకు సరిపడే లోతు సాకెట్టు ఉంటే చాలు. పట్టేసిన బోల్టుకు ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. మిగతా పానాలు ఆ బోల్టు ఎదురైన రోజున, దాని సైజు కాగితం మీద రాసుకుని వెళ్లి ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు.