బొటనవేలు వంకర చెడిపోకుండా కాపాడుకోవడం ఎలా?

సూరత్ లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) దగ్గర 12 గంటలు నిలబడే సిరిసిల్ల అన్నలకు, పెండ్లిళ్లకు మొనదేలిన హీల్స్ తొడిగే అక్కలకు ఈ సలహాలు. కాలి బొటనవేలు పక్కవేలి మీదికి వాలి, దాని మొదట్లో గడ్డలా పొడుచుకొచ్చిందా? శ్రద్ధ పెడితే ఇంకా పెంచవచ్చు.

ముందుగా ‘ఎముక పెరిగింది’ అని నలుగురికీ చెప్పండి. డాక్టరు ఎక్స్‌రే తీసి, పెరగడం కాదు, పాదంలోని పొడుగెముక ఒకవైపు, వేలు ఇంకోవైపు జరిగి మధ్యలో కీలు బయటికొచ్చిందంటాడు. రెండింటి మధ్య కోణం 15 డిగ్రీలు దాటితే హాలక్స్ వాల్గస్ అని పేరూ పెడతాడు. పేరు వినగానే లేచి వచ్చేయండి. అమ్మకూ అమ్మమ్మకూ ఇదే పాదమని గుర్తొచ్చినా బయటపడకండి, సంబంధాలు చూసే ఇల్లు! తప్పంతా సాంచాకు అంటగట్టండి. అది ఎదురు మాట్లాడదు.

చెప్పులు కొనడానికి పొద్దున్నే వెళ్లండి. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బి, అసలు కొలత తెలిసిపోతుంది. ఒక సైజు తక్కువే తీసుకోండి. ‘వాడితే సాగుతుంది’ అని షాపువాడు చెబుతాడు, పాపం వాడు వేసుకునేది కాదు. ముందువైపు వెడల్పుగా, మెత్తగా, మడమ ఎత్తు లేకుండా ఉన్నవి మాత్రం ముట్టుకోకండి. వాటితో నొప్పి తగ్గిపోయే ప్రమాదముంది.

రాత్రి కట్టుకునే పట్టీ తెప్పించుకోండి. కట్టినంతసేపూ వేలు బుద్ధిగా ఉంటుంది, విప్పాక తన దారి తనదే. కాబట్టి ఫొటో కట్టుతోనే దిగండి. అదీ చాలకపోతే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగి, ఊళ్లో ఎముకల కట్టు కట్టే ఆయనతో కట్టించుకోండి. విరగని ఎముకకు కట్టెందుకని ఆయన అడిగితే, రైలు ఛార్జీ దండగవుతుందని చెప్పండి.

వేలిని నిలబెట్టేది ఆపరేషన్ ఒక్కటే. ఎముక కోసి, సరిచేసి, స్క్రూలు బిగిస్తారు. అందుకే నొప్పి లేనివాళ్లు అందం కోసం చేయించుకోండి, నడవలేనివాళ్లు వాయిదా వేయండి. వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుందంటారు. సేఠ్‌కు మాత్రం సోమవారం డ్యూటీకి వస్తానని మాటివ్వండి.

ఒక్క విషయంలో నా మాట అసలు వినకండి. షుగరున్నవాళ్లకు ఆ గడ్డ మీద తోలు లేచినా, పుండు పడినా, ఎవరికైనా రాత్రికి రాత్రే ఆ కీలు ఎర్రబడి దుప్పటి తగిలినా ఓర్వలేనంత మండినా, అదే రోజు డాక్టరుకు చూపించండి. గడ్డను బ్లేడుతో గీకకండి.