పావు ట్యాంకు

ఇంటర్ రెండో ఏడాది మ్యాథ్స్ 2బి పేపర్లో నాకు 75కి 75 వచ్చాయి. ఆ పేపర్లో పెద్ద వాటా సమాకలనానిదే. సమాకలనం అంటే దేన్ని కలపడమో నాకప్పుడు తెలియదు. ఆ తెలియనితనం నా జవాబు పత్రంలోనే ఉండిపోతే ఇన్నేళ్లు బాధపెట్టేది కాదు. దానివల్ల మా బాపు నలుగురిలో తలదించుకోవాల్సి వచ్చింది.

ఎంపీసీ చదివినవాళ్లకి అప్పటి పేపర్ల వరస తెలిసిందే. రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడు ఇస్తే ఐదు, ఏడు మార్కులవీ ఏడు ఇస్తే ఐదు. ఏది వదిలేసినా ఫుల్ మార్కులు ఎలా వస్తాయో ఛాయిస్‌ని బట్టి లెక్కేసుకుని చదివాను. అప్పటి ఎంసెట్‌లో మూడు గంటలకి 160 బిట్లు, అందులో మ్యాథ్స్ 80. ఆగి ఆలోచించినవాడు వెనకబడతాడని నమ్మాను. నిశ్చిత సమాకలనుల్లో మొదట వచ్చే భాగం, చిన్న చిన్న ముక్కల మొత్తానికి అవధిగా సమాకలని ఎలా పుడుతుందో చెప్పేది, ఛాయిస్‌లో వదిలేశాను. ఈ తప్పు లెక్చరర్ల మీదకి తోయను. తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ పాఠం ఉంది. ఆ పేజీలు తిప్పనిది నేనే.

వర్గమూలంలో ఏ స్క్వేర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ ఉంటే దాని సమాకలని ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అది సగం వృత్తపు గీత అని, దాని కింద ఉన్న చోటునే ఆ ఫార్ములా కొలుస్తోందని ఒక్కసారీ తోచలేదు.

మాది చర్లపల్లి. ఆయిల్ కంపెనీల డిపోలు, వాటి ముందు బారులు తీరిన ట్యాంకర్ లారీలు, పారిశ్రామికవాడలో చిన్నా పెద్దా యూనిట్లు. బాపు ఒక కెమికల్ యూనిట్‌లో స్టోర్స్ చూసేవాడు. అక్కడ సాల్వెంట్ నిల్వకి అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకు ఉండేది. అడ్డుకొలత రెండు మీటర్లు, పొడవు ఆరు మీటర్ల పైన, మొత్తం 20,000 లీటర్లు. పైమూతలోంచి డిప్ రాడ్ దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, గోడమీది చార్టులో లీటర్లు చదువుకోవాలి.

రిజల్ట్స్ వచ్చిన రోజుల్లోనే ఒక సాయంత్రం బాపు అడిగాడు. "రాడ్ మీద యాభై సెంటీమీటర్లు ఉన్నది బిడ్డా. లోపల ఎంత ఉంటది?"

"రెండు మీటర్లలో యాభై అంటే పావు. ఐదువేల లీటర్లు" అన్నాను.

"చార్టుల 3,910 అని ఉన్నది."

"అయితే చార్టు తప్పు."

బాపు కాసేపు ఆలోచించి ఇంకోటి అడిగాడు. "మరి అడుగుకు వచ్చినంక మాలు అంత జల్ది ఎందుకు దిగుతది? సగం కాడ అట్ల దిగదు గదా?" పైపులో ప్రెషర్ తేడా అని ఏదో చెప్పేశాను. ఆ ప్రశ్నలోనే జవాబుంది. చేతిలో రాడ్ పట్టుకుని రోజూ చూసే మనిషి నాకు ఆధారం అందిస్తుంటే, మెమో పట్టుకున్న నేను దాన్ని తోసేశాను.

బాపు నన్ను నమ్మాడు. మర్నాడు యూనిట్‌లో సూపర్‌వైజర్‌కి చార్టు తప్పని చెప్పాడు. మా పిల్లగాడు లెక్కల్లో డెబ్బై ఐదుకి డెబ్బై ఐదు, వాడే చెప్పిండు అన్నాడు. అయితే చూద్దామని అందరి ముందూ సరుకును రెండువందల లీటర్ల డ్రమ్ముల్లోకి దించారు. నా లెక్క ప్రకారం ఇరవై ఐదు డ్రమ్ములు నిండాలి. పంతొమ్మిది నిండాయి, ఇరవయ్యోది సగం దాటి ఆగింది. రాత్రి ఇంటికొచ్చి, "చార్టే కరెక్ట్ ఉన్నది" అని మాత్రం అన్నాడు. అక్కడ ఎవరేమన్నారో చెప్పలేదు. నేను అడగలేదు. అడగకపోవడం లెక్క తప్పడం కన్నా పెద్ద తప్పు.

బీటెక్‌లోనూ సమాకలనం మార్కుల కోసమే చదివాను. బాపు రిటైరయ్యాక ఆయన పాత జేబు పుస్తకం నా కంటపడింది. చార్టు మొత్తం అందులో చేత్తో ఎక్కించుకున్నాడు. ఊరికే ఒక వరసలోంచి పై వరస తీసేస్తూ పోయాను. అడుగున మొదటి సెంటీమీటరుకి సుమారు 12 లీటర్లు. యాభై దగ్గర సెంటీమీటరుకి 110. నడుమన 127. ఆ తేడాలను కాగితం మీద గీతలుగా పేర్చితే అర్ధవృత్తం వచ్చింది! పలచటి పొరలు ఒకదానిమీదొకటి చేర్చుకుంటూ పోవడమే సమాకలనం, ఒక్కో పొర ఎంతో చెప్పేది మొదటి ఏడాది 1బిలో మేం మార్పు రేటు అని చదివిన అవకలనం. నాకు కంఠతా వచ్చిన ఫార్ములాలో విలువలు వేస్తే మొత్తంలో 19.55 శాతం, అంటే 3,910 లీటర్లు.

ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ 1613లో తన పెళ్లి అయ్యాక లింజ్‌లో ఇంటికి వైన్ పీపాలు కొన్నప్పుడు, వ్యాపారి పీపాలోకి కర్ర దించి ధర కట్టడం చూశాడు. పీపా ఆకారం పట్టించుకోకుండా కర్ర పొడవుతో అంత కచ్చితంగా ఎలా చెబుతాడని తొలిచేసిన ఆ సందేహం 1615లో పీపాల ఘనపరిమాణం మీద ఒక పుస్తకమైంది. న్యూటన్, లైబ్నిజ్‌లు ఇంకా పుట్టలేదు. నేను చదివిన కలనగణితానికి దారి వేసినవాటిలో ఆ పుస్తకం ఒకటి. అలాంటి ప్రశ్నే చర్లపల్లిలో మా ఇంటికి నడిచొస్తే నేను చార్టు తప్పన్నాను.

కాగితం తీసుకెళ్లి బాపుకి చూపించాను. అప్పుడు మాలు ఎందుకు జల్దిగా దిగేదో చెప్పాను. అడుగున పొర ఇరుకు, అదే సరుకుకి ఎక్కువ ఎత్తు తగ్గాలి, ప్రెషర్ కాదు, ఆ రోజు నేను చెప్పింది తప్పు, నిన్ను నలుగురిలో నిలబెట్టింది నేనే అన్నాను. ఆయన అర్ధవృత్తాన్ని చాలాసేపు చూశాడు. క్షమించాననీ అనలేదు, పోనీయమనీ అనలేదు.

"లారీ ట్యాంకు కోడిగుడ్డు లెక్క ఉంటది గదా. దానికెంత?" అని అడిగాడు.

ఈసారి ఫార్ములా చెప్పలేదు. వృత్తం గీసి పొరలు గీశాను. ఎత్తు కదలకుండా పక్కలకి సాగదీస్తే దీర్ఘవృత్తం అవుతుంది, ప్రతి పొరా ఒకే పాళ్లలో వెడల్పవుతుంది, అడుగు భాగమూ మొత్తమూ ఒకేలా పెరుగుతాయి, కాబట్టి పావు ఎత్తుకి అక్కడా 19.55 శాతమే అని ఒక్కో పొర చూపిస్తూ చెప్పాను. బాపు పెన్సిల్ తీసుకుని, లారీ ట్యాంకులో అడ్డగోడలు ఎక్కడెక్కడ వస్తాయో గీయడం మొదలుపెట్టాడు.