ఒకటో నంబరుకే యాభై ఏళ్ల చదువా?

మా రోజుల్లో ఒకటో సంచిక అంటే కథ మొదలయ్యే చోటు. ఇప్పుడు ఒకటో సంచిక చదవాలంటే అంతకుముందు అచ్చయినవన్నీ చదివి ఉండాలట. వేసవి సెలవులకి బెంగళూరు నుంచి బరంపురం వచ్చిన మనవడు ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ మొదటి భాగం నా చేతిలో పెట్టి, “తాతయ్యా, మల్టీవర్స్ అంటే ఏంటో నీకు తెలియాలంటే ఇది చదవాలి” అన్నాడు. అనంతకోటి బ్రహ్మాండ నాయకుడికి రెండు పూటలా దండం పెట్టుకునేవాడితో అనే మాటేనా అది?

సరే, చదివాను. 1985లో అమెరికాలో డీసీ అనే బొమ్మల పుస్తకాల కంపెనీ తన యాభయ్యో ఏట మొదలుపెట్టిన పన్నెండు సంచికల కథ ఇది. రాసినవాడు మార్వ్ వుల్ఫ్‌మన్, బొమ్మలు వేసినవాడు జార్జ్ పెరెజ్. బొమ్మలకి వంక పెట్టను. అంతమంది జనాన్ని ఒక్క పేజీలో ఇరికించి, ఎవరి మొహం వారికి ఉంచడం చిన్న పని కాదు. మన చందమామలో బొమ్మలు వేసిన శంకర్ గారు చూసినా శభాష్ అనేవారు.

నా పేచీ అంతా కథతోనే. లోకాలు బోలెడున్నాయి. తెల్లటి ప్రళయమొకటి వచ్చి వాటిని ఒక్కొక్కటిగా మింగేస్తోంది. అందులో ఒక లోకంలో వీరులందరూ దుర్మార్గులు, లూథర్ అనేవాడు ఒక్కడే మంచివాడు. తన లోకం మునిగిపోతుంటే అతను తన పసిబిడ్డని రాకెట్‌లో పెట్టి పక్కలోకానికి పంపేస్తాడు. మనవడు అక్కడ గుడ్లప్పగించాడు. కుంతి కర్ణుణ్ణి పెట్టెలో పెట్టి ఏట్లో వదిలిన కథ వాడికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత హార్బింజర్ అనే పిల్ల ఒక్కతే పలు రూపాలుగా విడిపోయి, లోకలోకాలూ తిరిగి, యుగయుగాలూ వెతికి వీరుల్ని పోగేస్తుంది. చిక్కు మొదలైంది అక్కడే.

“ఈ గొరిల్లా ఎవర్రా? కిష్కింధ వాడా?”

“గొరిల్లా సిటీకి రాజు తాతయ్యా. ఆయన సంగతి తెలియాలంటే ఫ్లాష్ పాత సంచికలు చదవాలి.”

“మరి ఈ చెంపలు నెరిసిన సూపర్‌మ్యాన్?”

“అతను రెండో భూమి సూపర్‌మ్యాన్. దానికి ఇంకో పుస్తకం ఉంది.”

ఇలా ఎవరి గురించి అడిగినా ఇంకో పుస్తకం చూపిస్తాడు. ఈ గొడవకి మూలం 1961లో ఉందట. అప్పటి ‘ఫ్లాష్’ 123వ సంచికలో కొత్త ఫ్లాష్ వేరే భూమికి వెళ్లి, తాను చిన్నప్పుడు బొమ్మల పుస్తకంలో చదివిన పాత ఫ్లాష్‌ని నిజంగా కలుసుకున్నాడట. ముచ్చటైన ఆలోచనే, కాదనను. కానీ అది అమ్ముడుపోయిందని లోకం మీద లోకం పుట్టించారు. ఏ లోకంలో ఎవరున్నారో చదివేవాళ్లకి తెలియకుండా పోయింది. కొత్తవాళ్లకి సులువు చేద్దామని ఈ ‘క్రైసిస్’ రాయించి లోకాలన్నీ ఒక్కటి చేశారు. పోనీ ఆ మాట మీద నిలబడ్డారా? 2007కల్లా మళ్లీ 52 లోకాలు తెచ్చిపెట్టారు!

మాకూ వీరులు కొట్టుకునే కథలున్నాయి. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ తాంబూలం ఉమ్మితే, అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం చేశాడు. సంగతి తెలియక అర్జునుడు వాడికి అభయమిచ్చాడు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ మాట తప్పలేరు, ఇక యుద్ధం కాక ఏమవుతుంది? చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ‘గయోపాఖ్యానం’ నాటకం రాస్తే తెలుగునాట ఊరూరా ఆడారు. 1963లో కె.వి. రెడ్డి గారు ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ తీసి ఎన్టీఆర్‌ని కృష్ణుణ్ణీ, ఏఎన్నార్‌ని అర్జునుణ్ణీ చేశారు. ఆ ఇద్దరి అభిమానులూ ఒకే హాల్లో కూర్చోవడం కంటే పెద్ద క్రాసోవర్, అంటే వేర్వేరు వీరుల కలయిక, నా ఎరుకలో లేదు. ఒక్క టిక్కెట్టుతో కథ మొదలైంది, ఒక్క టిక్కెట్టుతోనే ముగిసింది. మిగతాది తెలియాలంటే ఇంకో పదకొండు సినిమాలు చూడండని మాకెవరూ చెప్పలేదు.

చందమామ సీరియళ్లు మాత్రం నెలనెలా సాగేవి కావా అంటారేమో. సాగేవి. ‘రాకాసిలోయ’ కోసం నెలంతా కాచుకున్నవాణ్ణే. అయితే ప్రతి భాగానికీ ముందు, జరిగిన కథ నాలుగు వాక్యాల్లో ఉండేది. నడుమ రెండు నెలలు జ్వరంతో పడుకున్నవాడు కూడా కథలో వచ్చి కలిసేవాడు. అంత ఉపకారం చేసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరైనా అచ్చులో వేసేవారు కాదు.

ఇక లోకాలు మారడమంటారా, అది బరంపురం వాళ్లకి ఒకరు నేర్పాలా? మా నాన్నగారు 1936 మార్చి 31న మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని, మర్నాడు ఒరిస్సాలో లేచారు. ఇల్లు అదే, వీధి అదే, పక్కింటివాళ్లూ వాళ్లే. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా, కచేరీ కాగితాల్లో ఇంగ్లీషు. ఆ రెండు మూడు లోకాల్లోనూ మేం పప్పూ ఉప్పూ కొనుక్కుని బతికేశాం. ఏ ప్రళయమూ రాలేదు.

వీరులు ఒకచోట కలవడమూ మాకు కొత్త కాదు. రెండేళ్లకోసారి మా ఊళ్లో ఠాకురాణీ అమ్మవారి యాత్ర వస్తుంది. అమ్మవారు దేశీబెహరా వీధిలోని పుట్టింటికి వస్తే ఊరంతా నెల్లాళ్ల పాటు సందడి. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. రాముడు, కృష్ణుడు, పులివేషం, రాక్షసుడు అందరూ ఒకే వీధిలో నడుస్తారు. త్రేతాయుగం వాడు ద్వాపరయుగం వాడికి దారి ఇచ్చి పక్కకి తప్పుకుంటాడు. వీళ్లంతా ఎందుకు కలిశారని ఎవరూ అడగరు, అమ్మవారి కోసమని అందరికీ తెలుసు. మొన్నటి యాత్రలో ఎర్ర ముసుగు తొడుక్కున్న స్పైడర్‌మ్యాన్ పిల్లాడు కూడా కనిపించాడు. మొక్కు ఏమిట్రా బాబూ అని అడిగితే, “ఫొటోకి” అన్నాడు. వాడి తండ్రి ఫోనులోంచి తలెత్తలేదు.

కారణం లేకుండా పదిమంది వీరుల్ని ఒకచోట చేరిస్తే అది సంత అవుతుంది గాని కథ అవదు. ఆ సంత మర్మం కూడా మనవడే చెప్పాడు. ఒకటో నంబరు ఎక్కువ అమ్ముడుపోతుందని మాటిమాటికీ ఒకటి నుంచి మొదలుపెడతారట. ఒకే కథకి నాలుగైదు అట్టలు వేస్తే నాలుగైదూ కొనేవాళ్లున్నారట. కొన్నదాన్ని విప్పకుండా ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, ధర పెరిగాక అమ్ముకుంటారట. మేం చందమామని అట్ట చిరిగేదాకా చదివి, చిరిగాక అతికించి చదివాం. ధర పెరుగుతుందని దాచుకున్నవాణ్ణి నేనెరగను.

పిల్లలకి బొమ్మల పుస్తకాలు కొనేవాళ్లకి ఒక్క మాట. ఒకటో నంబరు చేతికి తీసుకుని, కొట్లోనే మొదటి నాలుగు పేజీలు చదవండి. అవి అర్థం కాకపోతే తెలివితక్కువతనం మీది కాదు, రాసినవాడిది. డబ్బు జేబులోనే ఉంచుకుని, ఇంటికెళ్లి పిల్లవాడికి గయుడి కథ చెప్పండి.